టర్బోకు కట్టిన బ్యాండేజీ గుడ్డ

మంగళవారం, రాత్రి

అద్దెకు తిప్పే ఆ కారే మాకు ఆధారం. దాని ఇంజన్లో బాగా వేడెక్కే టర్బోకు వేడి ఆపే పట్టీ సాయంత్రం ఇంట్లోనే చుట్టాను. స్టీలు క్లిప్పు కోసం లోపలికి వెళ్తే, బ్యాండేజీ మిల్లులో పనిచేసే నా భార్య లక్ష్మి అలవాటుకొద్దీ పట్టీ కొసను నూలుగుడ్డతో కట్టేసింది. క్లిప్పు దొరక్క, బిగువుగానే ఉందిలే అని నేనూ వదిలేశాను.

ఇంజన్ స్టార్ట్ చేయగానే పొగ.

"మామా, గుడ్డ కాలతా ఉండాది, ఆపు!" అంది లక్ష్మి.

"కొత్త పట్టీ మొదట పొగ విడుస్తాదని షాపాయన చెప్పినాడు. అరవకుండా సుమ్మా ఉండు," అని కసిరాను.

మంట లేచింది. వైర్లన్నీ మాడిపోయాయి. ఆర్పబోయి లక్ష్మి కుడిచెయ్యి కాల్చుకుంది. ఇక మిల్లు కూలీ కూడా రాదు. రేపటినుంచి ఎట్లా...

మిగిలిన ఆ మిల్లు గుడ్డతోనే కట్టు కట్టబోతే నాకు ముడి పడలేదు. "ఇట్లా తే మామా," అని ఎడమచేత్తో తానే వేసుకుంది.

ఒక్క తిట్టయినా తిట్టలేదు.