ఒక్క గులాబీ బటన్

సెప్టెంబర్ 14, 2011, బుధవారం

స్టైల్ ఫైలు పూర్తయింది — ఎట్టకేలకు! ఇక ఏ స్క్రీన్‌లోనూ బటన్‌కి చేత్తో రంగు రాయక్కర్లేదు. రంగు, అంచు, అక్షరం సైజు అన్నీ ఒక్కచోట రాసి దానికో పేరు పెట్టాను. బటన్ దగ్గర ఆ పేరు చెబితే చాలు. అక్కడ ఒక్క ముక్క మారిస్తే మేం చేస్తున్న కోచింగ్ సెంటర్ సాఫ్ట్‌వేర్ అంతా మారిపోతుంది. గులాబీ రంగు పెట్టాను. చూసినకొద్దీ ముచ్చటేస్తోంది.

సెప్టెంబర్ 15

గులాబీ చూసి మా కంపెనీ సార్ మొహం మాడిపోయింది. "ఏంటమ్మా ఇది, తెలంగాణ పార్టీ జెండాలా? ఆ సెంటర్ వాళ్ళది బెజవాడ. నీలం చెయ్."

లావణ్య నా పక్క సీటు, నా రూమ్మేటు, తెనాలి పిల్ల. అదైనా నావైపు మాట్లాడుతుందనుకున్నాను. "దొరక్క దొరక్క నీకా రంగే దొరికిందా పద్మా? కింద మీవాళ్ళ తెలంగాణ ధర్నా చాలదా?"

మీవాళ్ళట! "రంగుకేం ఎర్కనే గీ లొల్లి?" అని అరిచాను. ఆఫీసంతా విన్నది.

ఒక్క లైను మార్చాను. స్క్రీన్లన్నీ నీలం. ఇంత తేలిగ్గా మారేలా కట్టింది నేనే — ఒళ్ళు మండింది.

సెప్టెంబర్ 16

ఒకే గది, ఒకే కుక్కర్. లావణ్య గోంగూర పచ్చడి సీసా తన వైపు గూట్లోకి జరిగింది.

సెప్టెంబర్ 17

గులాబీ ఊరికే పెట్టానన్నాను అందరితో. ఊరికేనా? ...ఏమో.

సెప్టెంబర్ 19

తెలంగాణ సమ్మె, బస్సులు బంద్. కర్మన్‌ఘాట్‌లో మా గది నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసు దాకా నడక, దారిలో చెప్పు తెగింది. కొత్తపేటలో ఒక మెస్ బోర్డు మీద 'ఆంధ్ర' అన్న మాటకి నల్లరంగు పూస్తున్నారు. జై కొట్టబోయి ఆగిపోయాను. లావణ్య గుర్తొచ్చింది. ఆ మెస్‌లోనే కదా ఇద్దరం మధ్యాహ్నం తినేది.

సార్: "ఎల్లుండి సెంటర్ వాళ్ళకి డెమో. ఒక్క బటన్ తేడాగా కనిపించినా నీ ఉద్యోగం పర్మనెంట్ కాదు. చెప్తున్నా."

సెప్టెంబర్ 20

పొద్దున్నే లావణ్యని వాళ్ళన్న కారులో తెనాలి తీసుకుపోయాడు. "మళ్ళ ఎప్పుడొస్తవే?" అన్నాను. "చూద్దాంలే." అంతే. సీసా కూడా పట్టుకుపోయింది.

సాయంత్రం — డెమో కోసం స్క్రీన్లన్నీ తెరిచి చూస్తున్నా. నీలం, నీలం, నీలం... హాల్ టికెట్ స్క్రీన్‌లో ప్రింట్ బటన్, గులాబీ! కోడ్ తెరిచి చూశాను. స్టైల్ పేరు అలాగే ఉంది, పక్కన రంగు చేత్తో రాసి ఉంది. అలా రాస్తే బటన్ ఇక స్టైల్ ఫైలు మాట వినదని లావణ్యకి నేర్పింది నేనే. ఆ స్క్రీన్ దానిదే. నిన్న ఆఫీసు నుంచి బయల్దేరేముందు సేవ్ చేసింది.

నా ఉద్యోగం ఊడగొట్టడానికా? లేక... నాకోసం ఒక్కటి ఉంచిందా?

లావణ్య ఫోను స్విచాఫ్. ఆ రంగు చెరిపెయ్యాలి. చెరిపేస్తా.

సెప్టెంబర్ 21

ఇవాళే డెమో, గులాబీ ఇంకా చెరపలేదు. ఈసారి లావణ్య ఫోను మోగింది, అది ఎత్తలేదు. మళ్ళీ చేస్తున్నా. కింద సార్ కారు ఆగింది —