తాటి టెంక

శ్రీకాకుళం,
21 సెప్టెంబరు 2016, బుధవారం.

చిరంజీవి అనితకు,

ఈశ్వరి పిన్ని ఆశీస్సులు. ఇక్కడ మేం బాగున్నాం, అక్కడ మీరూ బాగుండాలి అని మొదలుపెట్టడం మర్యాద. నువ్వు బాగా లేవని తెలిసి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఆదివారం నుంచి నీ ఫోను ఆపేసి ఉంది. మీ అమ్మకు చేస్తే హడలిపోతుంది. మా పశువుల ఆసుపత్రి అటెండరు గణపతిరావు ఈ మధ్యాహ్నం విజయనగరం వస్తున్నాడు. ఉత్తరం నీ చేతికే ఇమ్మన్నాను.

ముందు ఒక ప్రశ్న. ఈ ఉద్యోగంలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా దాన్ని దించుకోలేకపోయాను. మన రోగికి నోరు లేదు. పక్కన నిలబడ్డ మనిషికి ఉంది. ఆ మనిషి చెప్పేది ఎంతవరకు నమ్మాలి? అసలు నమ్మకపోతే వైద్యం మొదలే కాదు. నమ్మితే ఏమవుతుందో నీకిప్పుడు తెలిసింది.

నువ్వు రాసిన పెద్ద మెయిలు మళ్ళీ మళ్ళీ చదివాను. ఆవు చొంగ కారుస్తోంది, కుడితి మింగలేకపోతోంది. కొత్తగా ఈనిన ఆవు, పక్కన పసిదూడ. ఆవు గలావిడ కూర్మమ్మ నీ చెయ్యి పట్టుకుని "తాటి టెంక మింగేసినాదమ్మా, నువ్వు పీకినావంతే బతికిపోతాది" అని ఏడ్చింది. నువ్వు చేతికి తొడుగైనా వేసుకోకుండా గొంతుదాకా చెయ్యి పెట్టి వెతికావు. టెంక లేదు. తరవాత ఆవు బొంగురు గొంతుతో అరిచి అరిచి పడిపోయింది. మెదడు ముక్క పరీక్షకు పంపితే రేబిస్ అని వచ్చింది. ఎండల్లో ఏదో కుక్క ఆవు మూతి కరిస్తే పసుపు అద్దిన సంగతి కూర్మమ్మకు అప్పుడుగానీ గుర్తు రాలేదు.

చొంగ కార్చే పశువును చూస్తే ముందు పిచ్చికుక్క జబ్బే అనుకోండి, టెంక సంగతి తరవాత, అని తిరుపతిలో మా మేష్టారు బల్ల గుద్ది చెప్పేవారు. నీకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. ఆ పేపర్లో నీకు మంచి మార్కులే వచ్చాయి. కానీ పరీక్ష కాగితం ఏడవదు కదా.

రిపోర్టు సంగతి కూర్మమ్మ ఒక్కదానికే చెప్పావు. ఆవును ముట్టుకున్నది ఆవిడే గనక అది సరిపోతుందనుకున్నావు. ఊళ్ళో మాత్రం నిన్ను "డాక్టరు గుంట సెయ్యెట్టినాది, ఆవు సచ్చిపోనాది" అని టీ బడ్డీ దగ్గర నవ్వుకుంటున్నారని రాశావు. అందుకే సెలవు పెట్టి విజయనగరం వచ్చేశావు. రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నావు. కోళ్ళ కంపెనీలో చేరతాను పిన్నీ, అక్కడ కోడి పక్కన నిలబడి ఏడ్చేవాళ్ళుండరు అన్నావు. చదివి నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

నీకు మిగిలిన ఊరట ఒక్కటే అన్నావు. కూర్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రేబిస్ టీకా మొదటి సూది ఇద్దరూ వేయించుకున్నారు. మిగతావి నువ్వు విజయనగరంలో వేయించుకుంటున్నావు. ఆవిడ గజపతినగరం వెళ్ళి వేయించుకుంటున్నానని ఫోనులో చెబుతోంది.

ఇక్కడ వాన వదలడం లేదు. ఈ పొద్దున్న బురదలో నిలబడి గొర్రెల మందకు టీకాలు వేశాను. నేను మోకాలు పట్టుకుని లేవడం చూసి కాపరి "ఏటమ్మా, నువ్వూ ఓ సూదేసుకోరాదేటి" అన్నాడు. వాడి గొర్రెలన్నీ నన్నే చూస్తున్నట్టనిపించింది. నవ్వే ఓపిక కూడా లేక, సిరంజి కడుక్కున్నాను. ఇలాంటి రోజున ఒక పిల్లకు ఉద్యోగంలో ఉండమని చెప్పడానికి నేను తగిన మనిషినేనా?

నిన్ను ఈ చదువులోకి లాగింది నేనేనని మీ అమ్మ ఇప్పటికీ అంటుంది. సెలవులకు వచ్చి, నా వెనకాల దూది డబ్బా పట్టుకుని తిరిగేదానివి. ఇంటికి వెళితే మేక వాసన వస్తున్నావని మీ అమ్మ వంటగదిలోకి రానిచ్చేది కాదు. అప్పుడు నీ మొహంలో ఉన్న వెలుగు చూసి, నాకు ఈ పనిలో లేని సంతోషం నీకైనా ఉంటుందనుకున్నాను. అది నీ గురించి ఆలోచించడమో, నా గురించో.

వేళకు తిను. నీ సూదులు ఒక్కటీ తప్పించకు.

అలసినా నీ వైపే ఉన్న
పిన్ని,
ఈశ్వరి.

తా.క. ఇది మొదటే రాయాల్సింది. రాయలేక కాగితం చివరిదాకా తోసుకొచ్చాను.

మొన్న సోమవారం సెలవు పెట్టి కూర్మమ్మ ఊరికి వెళ్ళాను. దూడకు సీసాతో పాలు పడుతోంది. ఇప్పటిదాకా వేయాల్సిన సూదులన్నీ అయిపోయాయా అంటే "అయిపోనాయి" అంది. చీటీ అడిగితే చూరులో ఉందంది. కోడలు బిందె తీసుకుని బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి నిజం చెప్పింది. నీ పక్కన కూర్చుని వేయించుకున్నది ఒక్కటే. ఆ తరవాత బస్సెక్కి గజపతినగరం వెళ్ళడం, సంతలో కాసేపు కూర్చోవడం, తిరిగి రావడం.

ఎందుకలా చేశావని అడిగాను. "ఆవు ఈనినాక ఈదంతా జున్ను పంచినాను తల్లీ. నాను పిచ్చికుక్క సూదులేయించుకుంతన్నానని తెలిస్తే తిన్నోలందరూ నా మీద పడిపోరేటి? నా సేతి పాలు ఇంకెవులు తాగుతారు?" అంది. ఉడికిన జున్నుతో ఈ జబ్బు రాదన్నాను. "నీకు తెలుస్తాది. ఈదికి తెలుస్తాదేటి?" అంది. అందుకే వీధిలో ఇప్పటికీ తాటి టెంకే అని చెబుతోంది. నీ చెయ్యి మీద పడ్డ మాట అక్కడి నుంచే పుట్టింది.

ఆ రోజే నాతో గజపతినగరం తీసుకెళ్ళి మళ్ళీ మొదటి సూది వేయించాను. ఆలస్యమైనా వేయాల్సిందేనన్నాడు అక్కడి డాక్టరు. తరవాతిది రేపే, గురువారం. ఇక నాతో రానంది. "కొత్త మనిషెంట ఎలితే ఈదంతా అడుగుతాది. ఆ గుంట ఎంట ఎలితే దూడ మందుకనుకుంతారు. ఆ గుంటొస్తే వస్తాను, నేదంతే నేదు" అంది. పొద్దున్న మొదటి బస్సు వేళకు ఊరి మలుపులో నిలబడుతుందట.

నీ సంచిలో రాజీనామా ఉందని తెలిసే ఇదంతా రాస్తున్నాను. కూర్మమ్మ ప్రాణం కోసమే చెబుతున్నానా, ఆవిడను అడ్డం పెట్టి నిన్ను ఆ ఊళ్ళో కట్టేస్తున్నానా? సోమవారం నుంచీ ఆలోచిస్తున్నాను అనితా. నాకింకా తేలలేదు.