విరగడానికే పెట్టిన బోల్టు

ఫిబ్రవరి 9

మళ్ళీ విరిగింది.

ఫిబ్రవరి 10

నిన్న ఒక్క ముక్క రాసి పెన్ను విసిరికొట్టాను. ఇవాళ కుదురుగా రాస్తాను.

ట్రాక్టరు వెనక గడ్డి కోసే రోటరీ కట్టర్. ఇంజను తిప్పే షాఫ్టుకీ, కట్టర్ గేర్‌బాక్సుకీ మధ్య ఒక బోల్టు ఉంటుంది. షియర్ పిన్ అంటారు. విరగడానికే పెట్టే బోల్టు అది. బ్లేడు ఏ రాయికో మొద్దుకో గుద్దుకుంటే అది తెగిపోయి గేర్‌బాక్సును బతికిస్తుంది. ఏడాదికి రెండో మూడో తెగితే న్యాయం. ఈ నాలుగు రోజుల్లో పదకొండు తెగాయి! రాయి లేదు, మొద్దు లేదు. ఎందుకు తెగుతున్నాయో చెప్పే నాథుడూ లేడు.

మార్చి రాగానే గాలి మొదలవుతుంది. మా కంచె అవతల ఎవరికీ పట్టని బీడు. పోయినేడు అక్కడ అంటుకున్న మంట ఎండుగడ్డి పట్టుకుని మా నిమ్మతోటలోకి వచ్చింది. నలభై చెట్లు మాడిపోయాయి. పన్నెండేళ్ళ చెట్లు. కంచె పొడవునా ముప్పై అడుగుల వెడల్పున గడ్డి నేలమట్టంగా కోసేస్తే మంట దాటి రాలేదు. కోయకపోతే మిగిలిన తోట కూడా బూడిదే. కంచె కిలోమీటరున్నర. ఇన్నాళ్ళలో నేను కోసింది రెండొందల అడుగులు. సిగ్గుగా ఉంది.

రాయి తగిలిందేమో అనడానికి కూడా లేదు. మా ఆవిడ యాభై అంగలు ముందు నడుస్తూ గడ్డిలో రాళ్ళు ఏరి గంపలో వేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి. తను ముందు, బండి వెనక. ఆవిడ కన్ను తప్పించుకున్న రాయిని నేనింతవరకు చూడలేదు.

ఫిబ్రవరి 11

బోల్టుల షాపుకెళ్ళాను. ఆ షాపాయన్ని అందరూ పావుకిలో అంటారు. మనిషి అంతే ఉంటాడు. నాసిరకం సరుకు అంటగట్టావేమయ్యా అని అడిగాను. అన్నా, అందరికీ ఇవే ఇస్తున్నా, ఎవరూ గొడవకి రాలేదు, నువ్వొక్కడివే వస్తున్నావ్ అన్నాడు. పైగా, అంత గట్టిగా అరవకన్నా, పక్క షాపువాళ్ళు చూస్తున్నారు అన్నాడు. నేనెక్కడ అరిచాను? మామూలుగానే కదా అడిగింది!

అయినా ఒకటి పట్టుకున్నాను. నేను వాడుతున్న బోల్టులకు మర పొడుగ్గా ఉంది. మర తిరిగిన చోట బోల్టు బలం తక్కువ, సరిగ్గా అక్కడే తెగుతోంది. సగం దాకా నున్నగా ఉండే రకం ఏరుకుని తెచ్చాను. రేపు చూపిస్తా నా తడాఖా.

ఫిబ్రవరి 12

నున్నటివి కూడా రెండు పోయాయి. తడాఖా లేదు, తాటాకు లేదు.

ఫిబ్రవరి 13

కట్టర్ కింద పడుకుని బ్లేడ్లు విప్పాను. రెండింట్లో ఒకటి బిగుసుకుపోయి ఉంది. దేనికైనా తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకోవాలి. అది మడుచుకునే కీలులో గడ్డీ మట్టీ చుట్టుకుని సిమెంటులా గట్టిపడిపోయింది. మొత్తం గీకి, కడిగి, గ్రీజు పెట్టాను. రెండు బ్లేడ్లూ పావుకిలో షాపుకు మోసుకెళ్ళి తూకం వేయించాను. సమానంగానే ఉన్నాయి.

దొరికింది దొంగ. హాయిగా స్నానం చేశాను.

ఫిబ్రవరి 14

దొరికింది దొంగ కాదు. గంటలో మూడు పోయాయి. తిరుగుతూ తిరుగుతూ పోవడం లేదు, మొదలుపెట్టడంతోనే పోతున్నాయి. కట్టర్‌ని ఇంజనుకు కలిపే పీటీవో లివర్ వేస్తాను, బ్లేడు ఒక్క చుట్టు కూడా తిరగదు, టక్కున తెగుతుంది.

మా ఆవిడ దగ్గరికొచ్చి, ఏమండీ, కాస్త మెల్లిగా మొదలుపెట్టండి అంది. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా ఇంజను గొంతు వినే నడుపుతున్నాను. ఇంజను వేగం చూపే ఆర్‌పీఎం మీటరు ముల్లు చచ్చి ఆరేళ్ళయింది, దాని అవసరం నాకెప్పుడూ రాలేదు. ఇంజన్ని బాగా తగ్గించి, మెత్తగా గురగురమంటున్నప్పుడు పీటీవో లివర్ వేసి, బ్లేడు తిరగడం మొదలయ్యాక మెల్లగా పెంచాలి. నేను చేస్తున్నదీ అదే. తాతకు దగ్గులు నేర్పినట్టు నాకు చెప్పొచ్చింది.

తర్వాత ఏదో గొణిగింది. ఏంటి అన్నాను. ఏమీ లేదని అరిచింది. ఈ ఇంట్లో ఈమధ్య మామూలుగా మాట్లాడేవాళ్ళే కరువయ్యారు. గొణగడమో, అరవడమో.

ఫిబ్రవరి 15

బావమరిది వచ్చాడు. మా ఆవిడ పిలిచి ఉంటుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నడిపాడు. ఆరొందల అడుగులు కోశాడు, ఒకే పిన్నుతో. వాడికి మెత్తగడ్డి తగిలింది, అదృష్టవంతుడు. భోజనం చేసి నేనెక్కాను. లివర్ వేశాను. టక్.

వాడు గట్టు మీద కూర్చుని కిసుక్కున నవ్వాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది బావా అన్నాడు. ఆవిడ తమ్ముడు కాబట్టి ఊరుకున్నాను. రేపు కూడా వస్తానన్నాడు. అక్కర్లేదు, నీ పనేదో నువ్వు చూసుకో అన్నాను.

ఫిబ్రవరి 16

నాలుగు.

ఫిబ్రవరి 17

తల ప్రాణం తోకకొచ్చింది. సాయంత్రం గట్టి బోల్టు బిగించాను. తల మీద 8.8 అని ఉన్నది. చచ్చినా తెగదు. ఇది తప్పని నాకు తెలుసు, చిన్నప్పుడు ట్రాక్టరెక్కిన మొదటి వారంలోనే నేర్చుకున్న పాఠం. పిన్ను తెగకపోతే దెబ్బంతా గేర్‌బాక్సుకే. అయినా బిగించాను. ఇంకో పదిహేను రోజుల్లో గాలి వస్తుంది. పిన్నుల లెక్క చూసుకుంటూ కూర్చుంటే మంట ఆగుతుందా?

ఫిబ్రవరి 18

పొద్దున వెళ్ళి చూస్తే గట్టి బోల్టు లేదు. దాని చోట మెత్తటి పిన్ను ఉంది, చక్కగా బిగించి. పంతొమ్మిదో నంబరు స్పానరు మా వంటింటి గట్టు మీద దొరికింది.

బోల్టు ఎక్కడ పెట్టావే అని మా ఆవిడని అడిగితే చెప్పదు. పిన్ను పోతే పది నిమిషాలు, గేర్‌బాక్సు పోతే ఈ ఏటికి గడ్డి కోతే ఉండదు, మీకు తెలియనిదా అంది. తెలుసు. తెలిసిన మాట పక్కవాళ్ళు చెబితే ఇంకా మంట. పుండు మీద కారం చల్లినట్టు, మెకానిక్కుని కూడా నాతో చెప్పకుండా పిలిపించిందట. రేపొస్తాడు.

మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం తిన్నాను.

ఫిబ్రవరి 19, ఉదయం 11

మెకానిక్ వచ్చాడు. షాఫ్టు చూశాడు, బ్లేడ్లు చూశాడు, పిన్ను రంధ్రాలు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నా, నువ్వోసారి స్టార్ట్ చేసి చూపించు అన్నాడు. అంతకుముందే మీటరు కేబుల్ మార్చాడు. ఎందుకురా అది అంటే, ఉండనీ అన్నా, మంచిదే కదా అన్నాడు.

స్టార్ట్ చేశాను. ఎప్పటిలాగే తగ్గించాను. గురగురమంది. లివర్ వేయబోతుంటే చెయ్యి పట్టుకుని మీటరు వైపు వేలు చూపించాడు.

ముల్లు పద్దెనిమిది వందల దగ్గర ఉంది. ఎనిమిది వందలు ఉండాల్సింది.

ఫిబ్రవరి 19, సాయంత్రం

మీటరు తప్పు చూపిస్తోందన్నాను. వాడు దాన్ని విప్పి తను వేసుకొచ్చిన ట్రాక్టరుకు పెట్టి చూపించాడు. తప్పు లేదు. మళ్ళీ నా బండికి పెట్టి, అన్నా, నువ్వు కళ్ళు మూసుకుని తగ్గించు, ఎనిమిది వందలు అనిపించినప్పుడు చెప్పు అన్నాడు. తగ్గించాను. ఇప్పుడు అన్నాను. కళ్ళు తెరిచాను. పదిహేడు వందల యాభై.

మెకానిక్ మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నేల చూపులు చూసింది. అప్పుడర్థమైంది నాకు. ఇంజను ఎప్పుడూ మెత్తగా గురగురమంటూనే ఉంది, నాకు. బయట అది గొంతు చించుకుంటోంది. ఆ వేగంలో లివర్ వేస్తే, కదలకుండా ఉన్న అంత బరువు బ్లేడ్లను ఒక్క ఉదుటున లాగాల్సి వస్తే, పిన్ను తెగక ఏం చేస్తుంది పాపం.

నా చెవుల సంగతి ఎన్నాళ్ళ నుంచి తెలుసని మా ఆవిడని అడిగాను. రెండేళ్ళంది. మరి చెప్పలేదేం అంటే, చెప్పానండీ, చాలాసార్లు చెప్పాను అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

రెండేళ్ళుగా ఈ ఇంట్లో అందరూ నామీద అరుస్తున్నారనుకున్నాను. అందరికీ నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. పావుకిలో మీద, బావమరిది మీద, ఈ పిచ్చిదాని మీద ఎన్ని మాటలు జారాను. నాకే తెలియకుండా ముసలాణ్ణయిపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇందులో దాచేదేముంది.

ఫిబ్రవరి 20

మీటరు చూసి మొదలుపెట్టాను. ఎనిమిది వందలు. లివర్ వేశాను. తెగలేదు! సాయంత్రం దాకా ఒక్క పిన్ను. తొమ్మిదొందల అడుగులు.

ఫిబ్రవరి 22

అదే పిన్ను. సగానికి పైగా కంచె అయిపోయింది. చెవులు పోతే పోయాయి, కళ్ళున్నాయి కదా. ఇంకా వేగం పెంచవచ్చు. మీటరు ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా ఉంటే చాలు, దిగులే లేదు. మా ఆవిడతో జోకులు కూడా వేశాను.

ఫిబ్రవరి 23

అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

గడ్డిలో పాత కంచె తాలూకు ఇనుప గుంజ ఒకటి విరిగి పడి ఉందట. ఆవిడ వంగి దాన్ని పీకుతోంది. నేను ముల్లునే చూస్తున్నాను. ఆపండీ, ఆపండీ అని మూడుసార్లు అరిచిందట. నాకు వినపడలేదు. తలెత్తేసరికి ముందు చక్రం కింద గంప కనిపించింది. ఆవిడ కనిపించలేదు.

దిగాను. ఎలా దిగానో తెలియదు. ఆవిడ పక్కకు దొర్లి పడి ఉంది. మోచెయ్యి చెక్కుకుపోయింది. అంతే. దేవుడి దయ, అంతే. నాకేం కాలేదండీ అని ఆవిడే నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. గంప అప్పడంలా నలిగిపోయింది.

తోట పోతే మళ్ళీ చెట్లు నాటుకోవచ్చు.

ఫిబ్రవరి 24

తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టాను.

ఫిబ్రవరి 25

ఆవిడకు ట్రాక్టరు కొత్తేం కాదు, నాకు జ్వరమొచ్చినప్పుడల్లా ఇంటికి తోలుకొచ్చేది ఆవిడే. కోత మాత్రం మొదటిసారి. బావమరిదిని పిలుద్దాం అంది. వద్దన్నాను. ఎక్కి కూర్చుంది, మీటరు వైపు చూడనైనా లేదు, చెవి కాస్త పక్కకు వంచి ఇంజన్ని తగ్గించింది. నేను తొంగి చూశాను. ఎనిమిది వందలు.

ఇంక మీరు ముందుకు పదండి అని చేత్తో సైగ చేసింది. కొత్త గంప తీసుకుని నడిచాను. యాభై కాదు, వంద అంగలు ముందు ఉండమంది.

మార్చి 1

గాలి మొదలైంది. కంచె పని నిన్నటితో అయిపోయింది. ఒకే ఒక్క పిన్ను పోయింది, అదీ నేను చూడకుండా వదిలేసిన రాయికి.

రాళ్ళేం చూస్తాను, పది అంగలకోసారి వెనక్కి తిరిగి బండినే చూస్తూ వచ్చాను. చివరికి ఆవిడ బండి ఆపి దిగొచ్చి, నా ముఖానికి ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెప్పింది. ముప్పై ఏళ్ళలో తను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదట.