తగ్గినవాళ్ల రిజిస్టరు

ప్రియమైన అక్కకు,

ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది, రెండు పళ్లు రాలాయి. ఒంటికన్నుతో రాస్తున్నాను, వంకర అక్షరాలకు తిట్టకు. ఫోన్ చేస్తే ఏడాదిగా బావే ఎత్తి పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు.

నిన్న పొద్దున ఒక దర్జీ నా క్లినిక్ తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు. పది రోజుల కిందట మెడనొప్పని వస్తే అతని భార్య మెడ పటుక్కుమని తిప్పి సర్దాను. నవ్వుతూ లేచి వెళ్లింది, మళ్లీ రాలేదు. మళ్లీ రానివాళ్ల పేరు పక్కన రిజిస్టరులో ‘తగ్గింది’ అని రాసుకోవడం నా అలవాటు. ఆమెకూ అలాగే రాశాను. ఆ సాయంత్రమే మెడలో రక్తనాళం చిరిగి, వాంతులు చేసుకుంటూ పడిపోయిందట. మూడోనాటికి ప్రాణం పోయిందట.

అతను కుర్చీ ఎత్తి నా మొహాన కొట్టాడు. కిందపడితే డొక్కలో తన్నాడు. తర్వాత నన్ను నా బల్ల మీదే వెల్లకిలా పడేసి, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేశాడు. అచ్చం నేను పట్టుకునే పట్టే.

“ఇలాగేనా తిప్పావు? చెప్పు, ఎటువైపు?” అన్నాడు.

ఉచ్చ పోసుకున్నాను అక్కా. నీ దగ్గర దాపరికమెందుకు? మెడ పటుక్కుమనేదాకా తిప్పి, ఎందుకో వదిలేసి, నేల మీద కూలబడి ఏడ్చాడు.

అతని మీద కేసు పెడుతున్నాను. సోమవారం క్లినిక్ తెరుస్తాను. ఒక్కరికి ఇలా జరిగిందని చేతులు ముడుచుకు కూర్చుంటానా? రిజిస్టరులో ఆరువందల మందికి తగ్గింది. నిరుడు నువ్వు వచ్చినప్పుడు నీ మెడా సర్దాను, నీకు చీమ కుట్టినట్టయినా అయిందా? కోర్టులో ఆ ఒక్క ముక్క చెప్పు చాలు.

నీ తమ్ముడు

*

తమ్ముడూ,

దస్తూరీ చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే మీ బావ రాస్తున్నారు.

నీ దగ్గర నుంచి వచ్చిన మర్నాడే స్నానాల గదిలో పడిపోయాను. డాక్టర్లు స్కాన్‌లో మెడలో చిరిగిన రక్తనాళం చూపించారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట రావడానికి అయిదు నెలలు పట్టింది. మీ బావ నీ చేతులు విరగ్గొట్టి వస్తానని ఇనుపరాడ్ పట్టుకుని బయలుదేరారు. నేను మంచం మీంచి దొర్లి కిందపడి, ఒంటిచేత్తో ఆయన కాలు పట్టుకున్నాను. గుమ్మందాకా ఈడ్చుకుపోయినా వదల్లేదు. ఇది రాయడానికి ఇప్పుడాయన సిగ్గుపడుతున్నారు.

నీకు తెలిస్తే చచ్చిపోతావని మాట వచ్చాక కూడా నోరు మూసుకున్నాను, మీ బావనూ చెప్పనివ్వలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఆ దర్జీ భార్య బతికుండేది. ఆమెను నువ్వొక్కడివే చంపలేదురా.

కోర్టుకు వస్తాను, చక్రాల కుర్చీలో, దర్జీ తరఫున. సోమవారం తలుపు తెరవకు, రిజిస్టరు తెరువు. మళ్లీ రానివాళ్ల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఎలా ఉన్నారో అడుగు. ముందు నా పేరు పక్కనున్న ‘తగ్గింది’ కొట్టెయ్.

కింద సంతకం మాత్రం ఎడమచేత్తో నేనే పెట్టాను. వంకరగా ఉందని తిట్టకు.

అక్క