చప్పుడు మారేదాకా

ఆదివారం, హోసూరు

జిన్‌లో నిమ్మరసం, చక్కెర పాకం, గుడ్డు తెల్లసొన వేసి స్టీలు సీసాలో గిలకొట్టడం మంజుల నేర్పిన పని. ఈ గదిలో మేమిద్దరం ఉన్నన్నాళ్లూ ఆదివారమంటే అదే. మిగిలిన పచ్చసొనను మిరియాలపొడితో వేయించి తనకు పెట్టేదాన్ని. ఇప్పుడు తను ఊత్తంగరైలో, గుడ్డు గడప దాటని అత్తగారింట్లో ఉంది.

ఈ సాయంత్రం ఒక్కదాన్నే చేయబోయి, ఉండబట్టలేక తనకు ఫోన్ చేశాను.

“మిద్దె మీద బట్టలు తీస్తా ఉండా. ఫోను సీసా పక్కన పెట్టి ఊపు, వింటా,” అంది.

ఊపాను.

“ఇంగా ఊపమ్మా. చప్పుడు మారలే.”

చేతులు లాగేదాకా ఊపాను.

“ఆ, ఇప్పుడు మెత్తబడింది. ఐసేసి ఇంగోసారి కొట్టు.”

ఐసు వేస్తుండగా అటు నుంచి ఎవరో పిలిచారు. “వస్తా ఉండానత్తా,” అంది మంజుల. అంత సన్నటి గొంతు తనదని నాకు తెలియదు. వెంటనే ఫోన్ పెట్టేసింది.

గ్లాసులో నురగ వేలెడు మందాన నిలిచింది. తను మళ్లీ ఫోన్ చేస్తే నురగ సంగతి చెబుదామని తాగకుండా కూర్చున్నాను. అణిగిపోయింది.

పచ్చసొన గిన్నెలో అలాగే ఉంది. నాకది ఎప్పుడూ సయించదు.