మేకులు కొట్టిన కిటికీలు

ఆగస్టు 3, 1964. ష్రీవ్‌పోర్ట్.

అటక ఫ్యాన్ మళ్ళీ ఆగింది. కిటికీల్లోంచి గాలి లాగి, ఇంట్లో వేడిని అటక మీదుగా బయటికి తోసేది అదే. గుయ్‌మంటుంది, కాసేపు తిరుగుతుంది, వేడెక్కి ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ తిరుగుతుంది. ఈ ఉక్కలో అది లేకపోతే నిద్ర పట్టదు. రైల్వే షెడ్డులో ఇంతకన్నా పెద్ద మోటార్లు విప్పి బిగించేవాణ్ణి, నాకిదొక లెక్కా?

ఎక్కి చూశాను. బెల్ట్ సడలింది. బేరింగ్ దగ్గర చెయ్యి పెడితే వేలికి కొత్త నూనె అంటింది. నేను నూనె వేసింది వసంతంలో. నా భార్య ఓపల్‌కి మోకాలి నొప్పి, నిచ్చెన ఎక్కలేదు. మరి నా ఇంటి అటక ఎక్కిందెవరు?

అడగలేదు. అడిగితే జాగ్రత్త పడుతుంది.

ఆగస్టు 4

పక్కింటి హాలిస్. వాడే అయ్యుంటాడు. భార్య పోయినప్పటినుంచి వాడి అంజూర చెట్టు కాపంతా మా వంటింటి కిటికీలోంచే లోపలికొస్తోంది. గిన్నె అందించడానికి అంత నవ్వులెందుకు? నేను రాగానే ఓపల్ ఏమీ ఎరగనట్టు బీన్స్ ఒలుస్తూ కూర్చుంటుంది.

ఆగస్టు 6

కిటికీలన్నిటికీ మేకులు కొట్టాను. దొంగల భయమని చెప్పాను. ఓపల్ నన్ను చాలాసేపు చూసింది.

ఆగస్టు 7

పాత మోటారు లోపల తీగ చుట్టలు మాడిపోయాయి. అందుకే వేడెక్కేది. షెడ్డు నుంచి ఇంకా బలమైన మోటారు తెచ్చి బిగించాను, బెల్టూ మార్చాను. ఫ్యాన్ వేసే గొలుసు లాగితే ఇల్లంతా అదిరింది. ముందు తలుపు తీసి ఉంచితే చాలు, గాలి బాగానే ఆడుతోంది.

ఆగస్టు 8

హాలిస్ కంచె దగ్గర నన్ను ఆపాడు. ఫ్యాన్ మోత మారిందట. కిటికీలు తీయకుండా గొలుసు లాగొద్దని చెప్పాడు. ఈ ఊళ్ళో పిల్లలకు కూడా తెలిసిన మాట నాకు చెప్తున్నాడు. ఫ్యాన్ మీద బెంగా, కిటికీ మీద బెంగా? నవ్వి ఇంట్లోకి వచ్చేశాను. లోపల మండిపోయింది.

ఆగస్టు 9, ఆదివారం

తలనొప్పిగా ఉందని, చర్చికి రాలేనని ఓపల్ అంది. సరిగ్గా ఈ రోజే! సరే అన్నాను. ఉక్కగా ఉందని ఫ్యాన్ గొలుసు లాగాను. బయటికొచ్చి ముందు తలుపు గట్టిగా వేసి తాళం పెట్టాను, వాడు దర్జాగా నడిచి వెళ్ళకుండా. బండి వీధి చివర ఆపి కూర్చున్నాను.

చాలాసేపటికి హాలిస్ వచ్చాడు, చేతిలో గిన్నె. వంటింటి కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూశాడు. గిన్నె కింద పడేశాడు. పార తెచ్చి అద్దం పగలగొట్టాడు. దొరికాడనుకున్నాను. సంతోషం కూడా వేసింది, అది రాయక తప్పదు. పరుగెత్తాను.

ఓపల్ వంటింట్లో నేల మీద పడి ఉంది.

హాలిస్ లోపలికి దూరి ఆమెను ఎత్తుకుంటూ, "ముందు ఫ్యాన్ ఆపవయ్యా, తర్వాత నన్ను కొడుదువుగాని" అన్నాడు.

ఆగస్టు 10

బతికింది. డాక్టరు చెప్పాడు: ఇంట్లోకి గాలి రావడానికి దారి లేదు కాబట్టి ఫ్యాన్ వేడినీళ్ళ గ్యాస్ బాయిలరు పొగగొట్టంలోంచి గాలి లాక్కుంది. బయటికి పోవాల్సిన విషం ఇంట్లోకొచ్చింది. నాకు తెలుసు. నేను మోటార్లు బిగించేవాణ్ణి.

నూనె గురించి ఓపలే చెప్పింది. ఇంటికొచ్చి రోజూ ఆ మోటారు మీద అరుస్తున్నానని, హాలిస్‌ని ఒక చుక్క వేసి పొమ్మందట.

"నువ్వు అడుగుతావనుకున్నాను," అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆగస్టు 15

మేకులన్నీ పీకేశాను. చెక్క మీద కన్నాలు అలాగే ఉన్నాయి.

ఆగస్టు 21

కిటికీలన్నీ తీసి గొలుసు లాగాను. ఫ్యాన్ చక్కగా తిరుగుతోంది. వంటింట్లో ఓపల్ నవ్వుతోంది, కిటికీ అవతల హాలిస్ ఏదో చెప్తున్నాడు.

ఏం చెప్తున్నాడో వినాలని ఫ్యాన్ ఆపబోయాను. గొలుసు పట్టుకుని వదిలేశాను.