మార్జిన్‌లో పెన్సిల్ రాత

శుక్రవారం రాత్రి, తాండూరు, అక్క ఇల్లు

సమస్త తెలుగు సాహిత్యానికీ, నాకు ఎం.ఏ. పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఒక మంచి నవలను పదిహేనేళ్ల పిల్ల చేత నిజంగానే చదివించాను. ఇంత ఘోరం మా వంశంలో ఎవరూ చేయలేదు.

అక్క కూతురు స్వప్న మొదట్లో పేజీలు లెక్కపెట్టేది. అందుకే ఒక పద్ధతి పెట్టాను. నవలలోని కుర్రాడు తండ్రి దగ్గర ఏదైనా దాచిన ప్రతిచోటా, స్వప్న తను ఇంట్లో దాచినది పక్కనే పెన్సిల్‌తో రాయాలి.

"ఎవ్వరు చూడరు గదా మామా?"

"నేను గూడ చూడ."

ఇక పుస్తకం వదల్లేదు. మొన్న ఆ కుర్రాడి మీద నాతో గంటసేపు కొట్లాడింది. "పిరికోడు మామా గాడు! నోరు తెరిస్తే ఏమైతది?"

ఈ సాయంత్రం బావ పాలిషింగ్ యూనిట్ నుంచి రాళ్ల దుమ్ముతోనే వచ్చి, "గంతగనం ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అని పుస్తకం తీసుకున్నాడు. ఒక పేజీ దగ్గర ఆగి, పైకే చదివాడు: "హైదరాబాద్ కాలేజీ ఎంట్రన్స్ పరీక్షల జవాబులన్నీ తెల్సు. హాస్టల్‌కు పోబుద్ధికాక తప్పు రాసిన."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"గిట్ల రాయమని నీకు ఎవరు చెప్పిన్రు?" అన్నాడు బావ.

స్వప్న నా వైపు చూసింది.

ఇప్పుడు బావ వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. ఇంకా ఎన్ని పేజీల్లో రాసిందో నాకు తెలియదు.

ఆ పిల్ల చూసినప్పుడు నేను చేసింది ఒక్కటే. "నాకేం తెల్వది బావా, కథ చదువుమన్న, గంతే" అన్నాను.